రెండో డిస్కు ముందు చూశాం

మదీనాగూడ,
ఆదివారం.

ప్రియమైన నాగేశ్వరికి,

ఇక్కడ పిల్లలు కులాసా. వేళకు తింటున్నారు, బడికి వెళుతున్నారు. నా సంగతంటావా, ఉన్నాను. హైటెక్ సిటీలో మా ఆఫీసు పక్కన ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు. అద్దాలు అదిరినప్పుడల్లా అందరూ ఉలిక్కిపడతారు. నాకే ఏమీ అనిపించదు. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దాలి కదా, దిద్దుతూ కూర్చుంటాను. సాయంత్రం లేచి బస్సెక్కుతాను.

నీ కుట్లు మానాయని రాశావు. మంచిది. ఇంకొన్నాళ్లు మీ అక్కయ్య చెప్పినట్టే విను, కాకినాడలో ఎండలెక్కువ, బయట తిరగకు.

"పిల్లలకి ఆ సస్పెన్స్ సినిమా చూపించారట, మీకు మతి ఉందా?" అని అడిగావు. ఉమాశ్రీ ఫోన్లో చెప్పేసిందన్నమాట. దాని నోట్లో నువ్వుగింజ నానదు. పాత సినిమాయే, అందులో కత్తులూ నెత్తురూ లేవు. ఒక పెద్ద బంగళా, మేడమీద తాళం వేసిన గది. యజమాని తమ్ముడు జబ్బుతో ఆ గదిలో ఉన్నాడని రోజూ అన్నం పళ్లెం పైకి పంపుతుంటారు. చివరికి తలుపు తీస్తే అక్కడెవరూ ఉండరు. అతను ఎప్పుడో పోయాడు. చిన్నపిల్లలకైతే వద్దంటాను. పద్నాలుగేళ్ల పిల్లా పదకొండేళ్ల పిల్లాడూ పక్కన పెద్దవాళ్లుంటే చూడొచ్చు.

అయితే ఆ పెద్దవాడు పరధ్యానంగా ఉండకూడదు. సినిమా రెండు డిస్కుల్లో ఉంది, నేను రెండోది ముందు పెట్టేశాను. పేర్లు పడకుండానే కథ నడుస్తుంటే కూడా గమనించలేదు. తలుపు తీశారు, ఖాళీ గది చూపించారు, అయిపోయింది. ఆదర్శ్ పడీపడీ నవ్వి మొదటి డిస్కు పెట్టాడు. ఈసారి పళ్లెం మెట్లెక్కుతుంటే ఎవరూ నవ్వలేదు.

"భయమేస్తే ఆపేద్దామా?" అన్నాను.

"లేడని తెలిశాక భయమెందుకు నాన్నా?" అంది ఉమాశ్రీ. "ఏడుపొస్తోంది, అంతే."

ఆదర్శ్ టీవీ వైపే చూస్తూ అడిగాడు. "మన తమ్ముడు కూడా లేడా?"

నువ్వు తిరిగొచ్చాక ఇద్దరం కలిసి చెబుదామనుకున్నాం. బాబు బలహీనంగా ఉన్నాడనీ, ఎవరూ దగ్గరికి రాకూడదనీ అందాకా నమ్మిద్దామనుకున్నాం. నావల్ల కాలేదు, నాగేశ్వరీ. లేడని చెప్పేశాను. వాళ్లిద్దరూ ఏడ్చారు. నేను సినిమా ఆపి, అన్నం వడ్డించాను. నాకు కన్నీళ్లు రాలేదు.

మర్నాడు ఇంటిగలావిడ సక్కుబాయికి చెబితే ఏమందో తెలుసా? "మంచి పని జేసినవ్ సారూ. గా పోరి రోజూ నన్నే అడుగుతున్నది, తమ్ముడు మంచిగున్నడా అని. నేనేం జెప్పాలె? ఇగ నువ్వు ఫికర్ జేయకు." బాబుకని కుట్టిన బొంత ఆవిడ దగ్గరే ఉంది. ఇవ్వనా, ఉంచుకోనా అని అడిగింది. నాకే ఇచ్చెయ్యమన్నాను.

ఈసారి పిల్లలు ఫోన్ చేస్తే బాబు పడుకున్నాడని చెప్పనక్కర్లేదు నీకు. వాళ్లకు తెలుసు. నీకు బాధని మొన్న ఫోన్లో నీతో అనలేదట.

ఉత్తరం చివర ఇంకో మాట అడిగావు, బాబు ఎవరి పోలికో చూసినవాళ్లెవరైనా చెప్పారా అని. నీకు మత్తు దిగేసరికే అంతా అయిపోయింది. నేను వచ్చేలోగానే తీసుకెళ్లిపోయారనీ, నేనూ చూడలేదనీ నీతో చెప్పాను. అది అబద్ధం. నువ్వు తట్టుకోలేవని మీ అక్కయ్య భయపడింది, నేనూ సరేనన్నాను. బతికిన ఆ కాసేపూ వాడు నా చేతుల్లోనే ఉన్నాడు. నీ పోలికే. నీ గడ్డం, ఆ సొట్టతో సహా. ఒత్తయిన జుట్టు. చెవులు మాత్రం నావి. ఒకసారి కళ్లు తెరిచాడు. పోయాక కూడా చాలాసేపు వెచ్చగానే ఉన్నాడు, నర్సు అడిగినా ఇవ్వలేదు నేను.

అక్షరాలు అలుక్కుపోయినచోట కూడబలుక్కుని చదువుకో.

లోహిత్ అని తాము అనుకున్న పేరే తమ్ముడికి ఉంచమంటున్నారు పిల్లలు. నువ్వు సరేనంటే అదే. వచ్చే శనివారం ముగ్గురం బయల్దేరి వస్తున్నాం. బొంత తెస్తాను.

ఇట్లు,
నీ ముగ్గురు పిల్లల తండ్రి,
కామేశ్వరరావు