నిమిషం నిడివి గొంతు

16 మే 2008, శుక్రవారం

తమ్ముడు శివాజీకి ఆపరేషన్ ఇరవై ఆరున ఖాయమైంది. గొంతులో గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేస్తారు. ప్రాణానికి ఢోకా లేదన్నాడు డాక్టర్. మాట మాత్రం ఉండదట.

దేవుడి ముందు దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఏమీ అడగలేదు.

17 మే, శనివారం

నాన్న గొంతు కంప్యూటర్లో దాచుకుందాం అత్తా అంది దివ్య. నిరుడు దాని చదువు కోసం శివాజీ కొన్న కంప్యూటర్. గుఢియారీ బజారుకు వెళ్లి మైకు ఉన్న హెడ్‌ఫోన్ తెచ్చింది. కంప్యూటర్లోని రికార్డర్ ఒకసారికి ఒక్క నిమిషమే తీసుకుంటుంది. అరవై సెకన్లు కాగానే ఆగిపోతుంది. మళ్లీ ఎర్ర బటన్ నొక్కాలి.

నిమిషంలో మనిషి ఎంత పడతాడు?

18 మే, ఆదివారం, మధ్యాహ్నం

కూలర్ ఆపాలి, ఫ్యాన్ ఆపాలి. లేకపోతే అంతా హోరే. బయట నలభై నాలుగు డిగ్రీలు. నలుగురం చెమటలు కారుతూ కూర్చున్నాం. శివాజీ మైకు సర్దుకున్నాడు. బొంగురు గొంతు సవరించుకుని, యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ అన్నాడు.

అందరం నవ్వాం. స్టేషన్ ఎంక్వైరీలో ఇరవై రెండేళ్లుగా రైళ్ల రాకపోకలు చెప్పేది వాడే. మైకు కనిపిస్తే హిందీ తప్ప నోరు తిరగదు. నేను ప్యాసింజర్ని కాదండీ, పెళ్లాన్ని, తెలుగులో చెప్పండి అంది మాలతి. సరేనన్నాడు. దివ్యా బిటియా, మన్ లగాకర్ పఢ్‌నా అని, శ్రద్ధగా చదువుకోమని మళ్లీ హిందీలోనే మొదలుపెట్టి సరిగ్గా యాభై ఎనిమిదో సెకనుకు ముగించాడు.

21 మే, బుధవారం

పద్నాలుగు క్లిప్పులు అయ్యాయి. అన్నీ హిందీ. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఒక్కదానిలోనూ నా తమ్ముడు లేడు.

అమ్మ పోయేటప్పటికి వాడికి తొమ్మిదేళ్లు, నాకు పంతొమ్మిది. పలాస నుంచి ఈ హిందీ ఊరికి రైల్వే ఉద్యోగానికి వచ్చిన నాన్న ఎప్పుడూ డ్యూటీలోనే ఉండేవాడు. బడి విడిచాక శివాజీ క్వార్టర్ల మలుపు దగ్గరి నుంచే, మా వైపు అక్కను పిలిచినట్టు, అప్పా అని కేక వేసేవాడు. ఆ కేక విని వడ్డించేదాన్ని. వాడు చెప్పులు విప్పేసరికి కంచంలో ఆవిరి లేస్తూ ఉండేది. వీధి అంతా దీదీలే. అప్ప అని పిలిపించుకున్నది నేనొక్కదాన్నే.

ఆ పిలుపు కావాలి నాకు. ఇన్నేళ్లలో దేవుణ్ణి ఏదీ కోరలేదు. ఈ రోజు కోరాను.

22 మే

అప్పా అను అన్నాను. ప్లాట్‌ఫారం నంబరు చెప్పినట్టు అన్నాడు.

24 మే, శనివారం

శివాజీ తన క్లిప్పులన్నీ వరసగా విన్నాడు. ఈ బాబుగారెవరే అని దివ్యను అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, మైకు అవుపిస్తే జనవేఁ కళ్లకి కడతారప్పా, నువ్వెదురుగా కూచో, నువ్వడుగు, నాను సెప్తాను అన్నాడు.

నాకు అడగడం ఎక్కడ వచ్చు? దివ్య బటన్ నొక్కింది. తెర మీద పచ్చగీత తిన్నగా సాగింది. పది సెకన్లు. ఇరవై. వాణ్ణి రోజూ అడిగే మాట ఒక్కటే ఉంది. అన్నం తిన్నావా అన్నాను.

గీత ఎగిరిపడింది. ఏం తిన్నానప్పా, కూరలో ఉప్పేదీ, నీ దేముడు మొగమాటానికి తినీస్తన్నాడు గానీ నా వల్ల కాదు, నైవేద్యమని రుచి సూడకుండా దింపీడవేఁటి, ముప్పై ఏళ్లై సెప్తన్నాను, ఒక్కపాలి నాలిక మీద ఏసుకుని సూడప్పా, పాపం వస్తే నా పేర రాసుకోమను అన్నాడు. ఇంకా ఏదో అంటుండగా నిమిషం అయిపోయింది.

మాలతి లేచి కూలర్ వేసింది. ఆ హోరులో ఏడ్చింది.

దివ్య క్లిప్పుకు పేరు అడిగింది. భోజనం అని పెట్టమన్నాను.

26 మే, సోమవారం, ఉదయం 7.20

లోపలికి తీసుకెళ్లారు.

19 జూన్, గురువారం

ఇంటికి వచ్చాడు. మెడ కింద రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ముక్కుకు వాసన తెలియడం లేదట. నాలుక మీద రుచి కూడా సరిగా లేదట. ఏం కావాలన్నా పలక మీద రాస్తున్నాడు, హిందీలో. వాడికి తెలుగు రాయడం రాదు. నేనే నేర్పలేదు. మాట ఉందిగా, చాలు అనుకున్నాను.

3 జూలై

అన్నం తిన్నావా అని అడగడం మానేశాను. జవాబు హిందీలో వస్తుందని భయం.

11 జూలై, శుక్రవారం, మధ్యాహ్నం

శివాజీ డ్రెస్సింగ్‌కు వెళ్లి వచ్చాడు. చెప్పుల చప్పుడు విని, వంటింట్లోంచి అలవాటుగా అడిగేశాను. తర్వాత ముందుగదిలో మౌస్ టిక్కుమంది. ఏం తిన్నానప్పా, కూరలో ఉప్పేదీ.

పొయ్యి మీద బెండకాయ కూర. దేవుడికి ఇంకా పెట్టలేదు. ఒక ముక్క నాలుక మీద వేసుకున్నాను.

తక్కువే.