అట్టపెట్టెలో ఏడు పురుగులు

చండ్రుగొండ,
12 అక్టోబర్ 2008

భార్గవీ,

ఎప్పుడు ఫోన్ చేసినా అత్తే ఎత్తుతోంది. "అది పండుకున్నది అల్లుడా" అంటోంది. పగలు పదకొండింటికీ అదే మాట, సాయంత్రం ఐదింటికీ అదే మాట. ఆమెతో ఇంకా అబద్ధాలు ఆడించడం ఇష్టంలేక ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పినపాక వెళ్లిన నాలుగో రోజు పెరట్లో కరివేపాకు కోయబోతే, ఆకుల మీద పిట్ట రెట్టల్లాంటి పురుగులు కనిపించాయి. నీ దగ్గర నేర్చుకోకపోతే దులిపేసేవాణ్ని. మొత్తం ఏడు. కడుపుతో ఉన్నప్పుడు నువ్వు టీవీ అట్టపెట్టెకు పాత దోమతెర కట్టి చేసిన గూడు అటక మీదే ఉంది. దించి, తుడిచి, వాటిని అందులో వేశాను. సీసాలో నీళ్లు పోసి కొమ్మలు నిలబెట్టాను. పురుగులు జారి నీళ్లలో పడతాయని నువ్వు చేసినట్టే మూతికి దూది కుక్కాను. రోజూ పంచాయతీ ఆఫీసుకు వెళ్లేముందు కొత్త ఆకులు పెట్టి, అడుగున కాగితం మారుస్తున్నాను. ఇప్పుడవి పచ్చగా చిటికెన వేలంత అయ్యాయి. ముట్టుకుంటే తల మీంచి ఎర్ర కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతున్నాయి.

పక్కింటి జంపక్క గోడ మీంచి చూసి, "పెండ్లాం తల్లిగారింట్ల ఉంటే నువ్వు పురుగులను సాదుకుంట కూసున్నవా? పోయి తోల్కరారాదు కోటేషూ" అంది. నేనొస్తే నువ్వు లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటావని ఆమెకు తెలియదు. ఇవి సీతాకోకచిలుకలై రెక్కలు విప్పేటప్పుడు చూడటం నీకిష్టం కదా. అప్పటికైనా వస్తావేమోనని చూస్తున్నాను.

నీ
కోటేష్


చండ్రుగొండ,
4 నవంబర్ 2008

భార్గవీ,

నీ దగ్గరనుంచి జవాబు లేదు. అయినా రాస్తున్నాను.

ఏడింటిలో ఒకటి తిండి మానేసి నల్లబడి చచ్చిపోయింది. మిగిలిన ఆరూ నడుముకు దారం చుట్టుకుని కొమ్మలకు అతుక్కుని ప్యూపాలయ్యాయి. పదో రోజున నాలుగింటికి సూదిబెజ్జాలంత చిల్లులు పడి, వాటిలోంచి సన్నని ఈగలు గుంపుగా బయటికొచ్చాయి. హైస్కూల్లో సైన్సు చెప్పే దేవ్‌సింగ్ సార్‌కు చూపించాను. "దోమతెర చినిగినకాడికెళ్లి ఈగ దూరి వాటిల్ల గుడ్లు పెట్టింది. లోపల ఎప్పుడో తినేసినయ్. పైకి మంచిగనే కనవడ్తది" అన్నాడు. ఐదోది ఎండిపోయింది. ఆరోది బయటికైతే వచ్చింది, కానీ పట్టు తప్పి కింద పడింది. నేను చూసేసరికి రెక్కలు నలిగిన కాగితంలా అట్లాగే గట్టిపడ్డాయి. దూదితో చక్కెరనీళ్లు పెట్టాను. రెండు రోజులు బతికింది.

ఇవన్నీ చెప్పి నిన్ను రప్పించాలనుకున్నాను. చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు కాబట్టి అసలు సంగతి రాస్తాను.

ఆ మంగళవారం పోడు భూముల సర్వేకు అడవిలోకి వెళ్లానని, అక్కడ సిగ్నల్ లేదని చెప్పాను. నీకు చెప్పాను, అత్తకు చెప్పాను, దవాఖానా వరండాలో జంపక్కకూ చెప్పాను. అది అబద్ధం. గుట్ట మీద సిగ్నల్ ఉంది. నీ ఫోన్ మూడుసార్లు వచ్చింది. జనమంతా పట్టాల కోసం నిలబడి చూస్తున్నారు. ఆఫీసరు, "ఎవరయ్యా మాటిమాటికి?" అన్నాడు. "ఇంటికాడికెళ్లి సార్, ఊకెనే చేస్తది" అని నవ్వి కట్ చేశాను. మూడుసార్లూ కట్ చేశాను. అంతకుముందు వారం కూడా నువ్వు భయపడితే టౌనుకు తీసుకెళ్లాను కదా, ఏమీ లేదన్నారు కదా, ఇదీ అంతే అనుకున్నాను. జంపక్క ఆటో వెతికి నిన్ను తీసుకెళ్లేసరికి మూడు గంటలైంది. మన పాప ఆ మూడు గంటల్లో కడుపులోనే పోయింది. అది నేను చేతులారా చేసింది. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్లు పురుగుల గురించి రాశాను.

కోటేష్


పినపాక,
15 నవంబర్ 2008

బావా,

నువ్వు కట్ చేశావని నాకు ఆ రోజే తెలుసు. సిగ్నల్ లేని ఫోన్ మోగదు. నీది రెండు రింగులు మోగి ఆగిపోయేది. తెలిసీ నిన్ను అడగలేదు. నువ్వు అన్నం ముందు కూర్చుని చేయి కడిగేసుకుని లేచిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఎందుకో ఈ ఉత్తరంలో చెప్తాను. కన్నతల్లి, మా యాడికి కూడా తెలియదు.

పాప మంగళవారం పోలేదు. ఆదివారం మధ్యాహ్నం నుంచే కదలడం మానేసింది.

పక్కకు తిరిగి పడుకుని చూశాను. చల్లనీళ్లు తాగి చూశాను. నీకు చెబుదామని వరండాలోకి వచ్చాను. నువ్వు సర్వే కాగితాలు సర్దుకుంటున్నావు. అంతకుముందు వారం దవాఖానాలో నర్సు, "గింత దానికే ఉరికొస్తే ఎట్లమ్మా?" అంటే నువ్వు తల దించుకున్నావు. బస్సులో ఊరొచ్చేదాకా మాట్లాడలేదు. అది గుర్తొచ్చి వెనక్కి వెళ్లిపోయాను. అప్పుడు పెట్టెలో నేను పెంచినవి మూడు ప్యూపాలున్నాయి. వారం నుంచి కదలకుండా ఉన్నాయి, అయినా బతికే ఉన్నాయి. సోమవారమంతా ఆ పెట్టె ముందే కూర్చుని పాప కూడా అట్లాగే ఉంటుందనుకున్నాను. చదువుకున్నదాన్ని, టెన్త్ పాసయినదాన్ని, అట్లా అనుకున్నాను. మంగళవారం పొద్దున ఆ మూడింట్లో ఒకటి రెక్కలు విప్పింది. అది చూసి నాకు ధైర్యం రాలేదు, భయం పుట్టింది. అప్పుడు నీకు ఫోన్ చేశాను.

డాక్టరమ్మ నా చేయి పట్టుకుని, "రెండ్రోజులైంది. అప్పుడే ఎందుకు రాలేదమ్మా?" అని అడిగింది. మా ఆయనకు చెప్పొద్దు మేడమ్ అని ఆమె కాళ్లు పట్టుకున్నాను. నువ్వొచ్చి సిగ్నల్ లేదన్నావు. ఆ అబద్ధం వినగానే, బావా, నాకు ప్రాణం తేలికపడింది. తప్పు నీదని నువ్వే ఒప్పుకున్నట్టయింది. దాన్ని నీ మీదే ఉంచేసి వచ్చాను. ఇక్కడ పడుకుంటే నిద్ర రాక, లేస్తే నీ మొహం గుర్తొచ్చి, ఫోన్ మోగితే గోడవైపు తిరిగాను.

ఇక్కడి ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలంటే ఒప్పుకున్నాను. సోమవారం నుంచి వెళ్తాను. అక్కడే ఉండటానికి గది ఇస్తారు. చండ్రుగొండకు రాను. నువ్వు కూడా రావద్దు. వస్తే, నీ తప్పేం లేదు భార్గవీ అంటావు. నువ్వు అట్లాంటివాడివే. ఆ మాట వింటే నేను బతకలేను.

రాయాలనిపిస్తే రాయి. రెండు రోజులు నోరెందుకు మూసుకున్నావని అడుగు, నోటికొచ్చినట్టు తిట్టు. అట్లాంటి ఉత్తరమైతే విప్పి చదవగలను.

భార్గవి