విడిగా పెట్టిన గ్లాసు

ఫిబ్రవరి 3, సోమవారం

పద్దెనిమిదేళ్లయింది. తన కూతురి పెళ్లిలో మా తమ్ముడు నాకు ఒక్కడికే విడిగా గ్లాసు పెట్టించాడు. అప్పుడు నా కళ్లు పచ్చబడి ఉన్నాయి. తాగి తాగి లివర్ పాడుచేసుకున్నాడు, ఆ గ్లాసు ఎవరూ ముట్టుకోకండి అన్నాడు. వియ్యంకుడి ముందే. నేను చుక్క ముట్టినవాణ్ని కాను. తినకుండా లేచి వచ్చేశాను. అప్పటినుంచి మాటల్లేవు.

మొన్న మెడికల్ క్యాంపులో నా రక్తం తీసుకున్న నర్సమ్మ ఇవాళ నా సైకిల్ షాపుకి వచ్చింది. హెపటైటిస్ బి అట. ఏళ్ల తరబడి లోపలే ఉండి ఉంటుందట. తాగుడు వల్లనా అని అడిగాను. కాదు తాతా, ఇది వైరస్ అంది. ఒకే గ్లాసులో తాగినా అంటుకోదట. ఆ రెండు ముక్కలూ కాగితం మీద రాసిమ్మన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు. రాసిచ్చింది.

ఫిబ్రవరి 7

మా ఆవిడకీ టెస్టు చేశారు, ఆ జబ్బు లేదు. టీకా మొదటి డోసు వేశారు. నలభై ఏళ్ల కాపురంలో నువ్వు ఇప్పించింది ఇదా అని దెప్పింది.

ఫిబ్రవరి 8, పొద్దున

మళ్లీ నర్సమ్మ. పుట్టేటప్పుడే తల్లి నుంచి వచ్చి ఉండొచ్చు అంది. మా అమ్మ జోలికి రావద్దన్నాను. పాపం, ఆమెకే తెలిసి ఉండదు తాతా అంది. అమ్మ కడుపు ఉబ్బి చనిపోయింది. అక్కా అంతే. ఆ సంగతి నేను చెప్పలేదు. తోబుట్టువులు ఉన్నారా అంది. లేరన్నాను.

మధ్యాహ్నం

పంక్చర్ పని. ట్యూబు నీళ్లలో ముంచితే ఒక చోట బుడగలు వచ్చాయి. ఒక్క కన్నం దొరికిందని ఆపేసేవాడు మెకానిక్కే కాదు, ట్యూబంతా తిప్పి చూడాలి. యాభై ఏళ్లుగా అందరికీ నేను పెట్టే చివాట్లే ఇవి.

షాపు మూసి క్లినిక్కుకి పోయాను. తమ్ముడున్నాడని రాయించాను. మీ పేరు చెప్పకుండా మేమే కబురు చేస్తాం అంది నర్సమ్మ. అక్కర్లేదు, నా నోరు పడిపోలేదు అన్నాను.

ఫిబ్రవరి 12

వాడి టైలర్ షాపుకి వెళ్లాను. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి కూడా మిషను ఆపలేదు. అమ్మ నుంచి వచ్చిన జబ్బురా, నీకూ ఉండొచ్చు, టెస్టు చేయించుకో అన్నాను. నేను తాగను, నాకెందుకొస్తుంది అన్నాడు.

నేనూ తాగనురా అన్నాను.

మిషను ఆగింది. నర్సమ్మ రాసిన కాగితం వాడి కత్తెర కింద పెట్టి వచ్చేశాను.

ఫిబ్రవరి 16

జవాబు లేదు.

ఫిబ్రవరి 17

ఒరేయ్. ఈ పేజీ చింపి నీకే పంపిస్తాను. అమ్మ పోయింది, అక్క పోయింది. గురువారం పదింటికి క్లినిక్కు బయట బెంచీ మీద ఉంటాను. ఫ్లాస్కులో టీ తెస్తాను. గ్లాసు ఒకటే తెస్తాను. వస్తావా, రావా? బుధవారం సాయంత్రంలోగా చెప్పు.