నాన్న కనుబొమల మధ్య గీత

బెంగళూరు,
మంగళవారం

అన్నయ్యకు, వదినకు చెల్లెలు శిరీష నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? హాసిని బడికి సరిగ్గా వెళ్తోందా? వదినకు దగ్గు తగ్గిందా? నువ్వు రాయి కోసేటప్పుడు ఆమెను ఆ పక్కకు రానివ్వకు.

రోజూ ఫోన్లో మాట్లాడుతూ మళ్లీ ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. రెండుసార్లు ఫోన్లోనే చెప్పబోయి, అన్నం తిన్నానని చెప్పి పెట్టేశాను. కాగితం మీదైతే చెప్పగలనేమోనని మొదలుపెట్టాను. దీన్ని అమ్మకు చదివి వినిపించకు.

ఇక్కడ వారం నుంచీ వాన, చలి. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారని మొదట్లో గొడవ పెట్టేదాన్ని, ఇప్పుడు తేడా తెలియడం లేదు. రమణ బాబాయి వచ్చే వారం వినుకొండలో రైలెక్కి ఇటు వస్తున్నాడన్నావు కదా, ఆయన చేత వదిన కందిపొడి పంపించు. కారం కాస్త ఎక్కువే వెయ్యమను. నాలుక మీద ఏదో ఒకటి తెలియాలి.

నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. బయట చెప్పకూడదని మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. కంప్యూటర్ పని అన్నాను, నువ్వు మన దుర్గి ఊరంతా అదే చెప్పావు. జనం అందరూ చూసేలా ఫోన్లో పెట్టుకునే ఫోటోలుంటాయి కదా, పెళ్లిళ్లవీ పుట్టినరోజులవీ, అవి మా దగ్గరకు పేరు లేకుండా నంబరుతో వస్తాయి. మొహం మీద కంటి కొసలు, ముక్కు, పెదవుల అంచులు చూసి చుక్కలు పెట్టాలి. తర్వాత సంతోషమా, దిగులా, కోపమా, ఏదో ఒకటి నొక్కాలి. మేం నొక్కినదాన్ని బట్టి మిషన్ మనుషుల మొహాలు చదవడం నేర్చుకుంటుంది. నేర్చుకుని ఏం చేస్తుందని మా టీమ్ లీడర్‌ని అడిగాను. ఎవరి మనసెలా ఉందో తెలిస్తే వాళ్లకు ఏ ప్రకటన చూపించాలో తెలుస్తుందని, కాఫీ తాగుతూ చెప్పాడు.

ఈ పనిలో నాకు మంచి పేరుంది. ఎందుకో నీకు తెలుసు. నాన్న ఏ విగ్రహానికైనా కళ్లు ఆఖరున చెక్కేవాడు. ఆ రోజు తలస్నానం చేసి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాడు. గీతలు గీశాక నన్ను పిలిచి నాలుగడుగుల దూరంలో నిలబెట్టేవాడు. "రెండూ సమానంగా ఉండయ్యేమో చూడమ్మాయ్. చెక్కేవోడికి కనపడదు" అనేవాడు. నేను ఊఁ అంటేనే ఉలి పట్టేవాడు. ఇప్పుడు రోజుకు కొన్ని వందల జతల కళ్లు చూస్తున్నాను. తలస్నానం మాట దేవుడెరుగు, ఒక్కో మొహానికి నిమిషం కూడా పట్టకూడదు.

పోయిన గురువారం ఒక పెద్దాయన మొహం వచ్చింది. తెల్ల గడ్డం, కనుబొమల మధ్య లోతుగా గీత. చుక్కలు పెట్టాను. కోపం అని నొక్కాను. పంపేశాను. తర్వాత ఒక పెళ్లికూతురు వచ్చింది. ఆమె ఎడమ కంటి మీద చుక్క పెడుతుండగా, ఇందాకటి ఆయన వెనక సగం చెక్కిన నంది ఉందనీ, దాని మూపురం మీద నీలం తువ్వాలు ఆరేసి ఉందనీ గుర్తొచ్చింది. నందిని గుర్తుపట్టాను అన్నయ్యా. నాన్నను గుర్తుపట్టలేదు.

వెనక్కి తెరవబోతే రాలేదు. పంపినవి మళ్లీ రావు. టీమ్ లీడర్ దగ్గరకు వెళ్లి తప్పు నొక్కాననీ, ఆయన కోపంగా లేడనీ చెప్పాను. నీకెలా తెలుసన్నాడు. మా నాన్న అన్నాను. వేల ఫోటోల్లో ఒకటి తప్పితే మిషన్‌కు తేడా రాదులే, ఈ పూట సెలవు తీసుకో అన్నాడు. తీసుకోలేదు. సాయంత్రం దాకా కూర్చుని మిగిలిన మొహాలు పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నాకు భయంగా ఉన్నది అందుకే.

బొమ్మలకు బేరాలు రావాలని ఫోన్లో మన పేజీ తెరిచింది నేనే. ఫోన్ అడిగిన ప్రతిదానికీ చదవకుండా సరే నొక్కిందీ నేనే. నాన్న పక్కనే ఉలి పదును చూసుకుంటూ, "ఏందమ్మా, చానాసేపట్నుంచి ఏందో అడగతా ఉంది" అన్నాడు. ఒప్పుకుంటేనే ముందుకు పోతుంది నాన్నా అన్నాను. తర్వాత ఆయన్ని ఎండలోకి పిలిచి ఆ ఫోటో తీశాను. కళ్లలో రాతిపొడి పడి మొహం చిట్లించాడు. కదలకు అన్నానని, కళ్లు నలుపుకోకుండా అట్లాగే నిలబడ్డాడు. ఆ గీత అప్పటిది.

పేజీ మూసెయ్యమని అనను, బేరాలన్నీ దాని మీదే వస్తున్నాయి. ఎవరు ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగారో, ఏ ఊరి నుంచి చూశారో, నువ్వు ఎవరికేం రాశావో అన్నీ వాళ్లకు చేరతాయని మాత్రం తెలిసి ఉండు. నాన్న ఫోటో ఇప్పుడు తీసేసినా తీసుకున్నది తిరిగి ఇవ్వరు. హాసిని ఓణీల ఫంక్షన్ ఫోటోలు పెట్టమని అడిగావు కదా, అవి నేను పెట్టను. నువ్వూ పెట్టకు.

సంవత్సరీకానికి నాన్న విగ్రహం చెక్కుతున్నావు, ఆ ఫోటోనే ఎదురుగా పెట్టుకుని. కనుబొమల మధ్య ఆ గీత చెక్కవద్దు. ఆయన కోపంగా ఉన్నాడని ఒకచోట నేను రాసేశాను, అది చెరగదు. రాతిలోనైనా అది ఉండకూడదు. కళ్లు మాత్రం నేను వచ్చేదాకా తెరవకు. నాలుగు రోజుల ముందే వస్తాను, సెలవు దొరికింది. నన్ను దూరంగా నిలబెట్టి నాన్న అడిగినట్టే అడుగు.

పెద్దమ్మకు, వీధిలో పెద్దవాళ్లందరికీ నా నమస్కారాలు. హాసినికి ముద్దులు. అమ్మ అడిగితే వేళకు తింటున్నానని చెప్పు.

నువ్వూ వదినా నన్ను దీవించండి. ఆ రోజు ఆయన ఎదురుగా నిలబడ్డప్పుడు నాకు ఏడుపు రావాలని దీవించండి.

మీ చెల్లెలు
శిరీష