తిరగలి చెయ్యి

నంద్యాల, మాఘమాసం, 1957, ఆదివారం

ఈరోజు ఆళ్లగడ్డ పోయి, అక్కడ విగ్రహాలు చెక్కే మా మామను చూసి వచ్చాం. తను చెక్కుతున్న అమ్మవారి చెంపను కాస్త నునుపు చేయమని మామ మా ఆయన చేతికి ఉలి ఇచ్చాడు. కాసేపటికే చెంప నిండా గంట్లు పడ్డాయి, అచ్చం తిరగలికి పెట్టే గంట్లు.

మామ అరవలేదు. ఈయన చేతిని తన చేతిలోకి తీసుకుని నిమిరాడు.

"రాయి ఒక పొర తీస్తే గంట్లు పోతాయిలే. నీ చెయ్యే తిరగలి చెయ్యి అయిపాయ కదరా నాయనా."

వారమంతా ఈయనకు రైసు మిల్లులో పని. ఆదివారం ఇంటింటికీ తిరిగి అరిగిన తిరగళ్లకు గంట్లు కొట్టడం. దానికి తోడు నా కుట్టుమిషను సంపాదన. నలభై ఏళ్లకే మిల్లు మానేసి, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుకుంటూ బతకాలని ఈయన ఆశ. అప్పటికి దుడ్లు కూడతాయేమో. ఆ చెయ్యి మాత్రం అప్పటికి విగ్రహాలకు పనికొస్తుందా...



మేము ఇల్లు చేరిన కాసేపటికే పక్కింటి పిన్నమ్మ గంట్లు కొట్టించడానికి తిరగలి మోయించుకొచ్చింది.

"మీ ఆయన యాడమ్మా?"

"ఆళ్లగడ్డలో ఉండాడు పిన్నమ్మా. ఇంక ఆదివారాలు ఆడనే విగ్రహాలు చెక్కుకుంటా ఉంటాడు" అనేశాను.

తలుపు చాటున నిలబడి ఈయన, నవ్వు వినపడకుండా నోరు మూసుకున్నాడు. ఆ తిరగలి చేత్తోనే.