కంప్యూటరు గోదాములో వడ్ల కుప్పలు కూడా వేయించుట గురించి

కార్యనిర్వాహక ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కాటారం వద్ద గోదాము పని నలభై ఒక్క రోజులు ఆగినందుకు చిన్న కాంట్రాక్టరు ఇమ్రాన్‌ను దోషిగా రాయకుండా, కంప్యూటరులోని గోదామును సరిచేయుట గురించి.

నేను ఇమ్రాన్ భార్యను. ఏడో తరగతి వరకే చదివాను. తప్పులకు, వంకర అక్షరాలకు ముందే మన్నించండి. ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగలదు, అందుకే ఈ కాగితం.

1. పోయిన వారం మావారి వెంట వచ్చి, తమ ఆఫీసులో తలుపు చాటున నిలబడి అంతా చూశాను, విన్నాను. సైటు ఇంజనీరు అఖిల్ సార్ కంప్యూటరులో గోదామును తేదీల వారీగా లేపి చూపించారు. పునాది, పిల్లర్లు, గోడలు వరుసగా మొలిచాయి. చాలా ముచ్చటగా ఉంది.

"గిట్ల ఏప్రిల్ ఇరవైకి గోడలు లేవాలె. నువ్వేం చేసినవ్?" అన్నారు.

"వడ్ల కుప్పల మీద గోడ ఎట్ల లేపాలె సార్?" అన్నారు మావారు.

"దీంట్ల వడ్లు యాడున్నయ్? చూపెట్టు."

నిజమే, దాంట్లో ఒక్క గింజ లేదు. చుట్టూ పచ్చగడ్డి ఉంది. ఏప్రిల్ నెలలో కాటారంలో అంత పచ్చగడ్డి ఎవరూ చూసి ఉండరు.

2. జాగా చదునుగా ఉందని వడ్ల కొనుగోలు కేంద్రం అక్కడే పెట్టుటకు అనుమతి ఇచ్చినది పెద్ద సార్లే. ఏప్రిల్ పన్నెండు నుండి మే ఇరవై రెండు వరకు పిల్లర్ల గుంతల దాకా కుప్పలు పోశారు. సంచులు రాలేదు, లారీలు రాలేదు. జర జరపమని మావారు బతిమాలితే రైతు జైపాల్ అన్న, "గోదాం ఉంటే ఈడెందుకు పోస్త తమ్మీ? నువ్వు జల్ది కట్టు, నేను జల్ది ఎత్తుత" అన్నాడట. దీనికి జవాబు మాకు ఇంతవరకు దొరకలేదు. తమకు దొరికితే తెలుపగలరు.

3. కంప్యూటరు మీద నాకు కోపం లేదు. అది కొత్త కోడలి లెక్క చెప్పిందే చేస్తుంది. కనుక అనుకున్న గోదాము ఒకటి, జరిగిన గోదాము ఒకటి పక్కపక్కన పెట్టి, రెండోదాంట్లో ఏ రోజు ఏ పిల్లరు దగ్గర వడ్లున్నవో వేయించవలెను. పని ఎవరివల్ల ఆగిందో అప్పుడు అదే చెబుతుంది.

4. ఆధారమేదని సార్ అడిగితే మావారు తల వంచుకున్నారు. ఆధారం నా దగ్గర ఉంది, సిగ్గుపడి చెప్పలేదు. మాకు పెళ్ళయి ఏడు నెలలు. నేను తొర్రూరులో, ఆయన సైటు మీద. అన్నం తినే వేళ వీడియో కాల్ చేసేవారు. కనిపించిన ముఖాన్ని రోజూ ఫోనులో ఫోటోగా దాచుకున్నాను. ప్రతి ఫోటోకు తేదీ ఉంది, ఆయన వెనుక కుప్ప ఉంది. ముప్పై ఎనిమిది జతపరిచాను. మిగిలిన మూడు రోజులు మేము మాట్లాడుకోలేదు. కారణం ఇంటి విషయం.

సోమవారం విచారణలో తప్పు ఆయనదేనని రాస్తే పేరు నల్లజాబితాలో పడుతుందట. ఇక ఇక్కడ పని దొరకదు, ముంబై పోతానంటున్నారు. ఏడు నెలలు ఫోనులో కాపురం చేశాను, ఇక నావల్ల కాదు. ఈ ఒక్క మొర చిత్తగించి ఆయనను నాకు దూరం చేయకుండా చూడవలెను.

తమ విధేయురాలు,
నౌషీన్, తొర్రూరు

తా.క.: పదిహేడో ఫోటోలో ఆయన ముద్దు పెడుతున్నది నాకు, ప్రభుత్వానికి కాదు. తమరు వెనుకనున్న కుప్పను మాత్రమే చూడగలరు. నేను రాసినట్టు ఆయనకు తెలియదు. కుప్పలన్నీ కంప్యూటరులోకి ఎక్కినాక ఫోటోలను, ఈ అర్జీని కాల్చివేయండి. కాల్చుటకు పైనుండి అనుమతి రావాలని మాత్రం ఆగకండి.