పదకొండు అడుగులు

చిరంజీవి స్వరూపకు,

ఫోనులో చెబితే ఏడుస్తావని రాస్తున్నాను. అరిగిపోయిన చీలమండకు ఆపరేషన్ అయ్యాక, ఉప్పునుంతలలో మీ అమ్మ దగ్గర నువ్వు కర్ర లేకుండా నడిచిన వీడియో చూశాం. లెక్కపెట్టాను, పదకొండు అడుగులు.

నిన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే, "నా కోడలిని నడిపియ్యి జములమ్మ తల్లీ, బోనమెత్తుకొని ఉత్త కాళ్లతోని నీ గుడికొస్తది" అని మొక్కుకున్నాను. మన ఇంటి నుంచి గుడికి మూడు కిలోమీటర్లే. మెత్తటి బూట్లు లేకుండా అడుగు వెయ్యొద్దని డాక్టర్ అన్నాడట. తల్లికి మాటిచ్చింది ఆయన కాదు కదా.

వచ్చే మంగళవారానికి రా. కర్ర మాత్రం తేవద్దు. అది చూస్తే, తానిచ్చిన నడక నీకు చాల్లేదని తల్లి అనుకుంటుంది.

గద్వాల నుంచి,
మీ అత్త